వృద్ధాశ్రమంలో నిద్ర పట్టని రాత్రులు

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. హాస్టల్లో పెరిగిన మనకు ఈ సామెత వివరించనక్కర లేదు. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతున్నా, పక్కవాడు బిగ్గరగా చదువుతున్నా చాప మీద వాలగానే నిద్రపోయే వయసు మనది. అలాంటి హాలే, అలాంటి లైటే డెబ్బై ఏళ్ల మనిషికి శిక్షగా మారతాయి. ఎన్నో వృద్ధాశ్రమాల్లో జరుగుతున్నది ఇదే.

"వయసు మీద పడితే నిద్ర పట్టదులే" అని మనం తేల్చేస్తాం. అది సగమే నిజం. వయసుతో నిద్ర పలచబడుతుంది, తెల్లవారక ముందే మెలకువ వస్తుంది. కానీ నిద్ర అవసరం తీరిపోదు. 65 దాటిన వారికీ రోజుకు 7 నుంచి 8 గంటల నిద్ర కావాలని నిపుణులు చెబుతున్నారు.

మిగతా సగం కారణాలు ఆశ్రమంలోనే ఉన్నాయి. పగలంతా మంచం మీదే గడుస్తుంది, ఎండ తగలదు. మన ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది పగటి వెలుగే. సిబ్బంది వీలు కోసం ఎనిమిదింటికే పడుకోబెడితే మూడింటికి మెలకువ రాదా? రాత్రంతా వరండా లైటు, పక్క మంచంలో దగ్గు. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేస్తే మాటిమాటికీ లేవాలి. ఇన్నింటికీ నిద్రమాత్రే మందనుకుంటే, ఆ మత్తులో తూలిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వృద్ధాశ్రమాల ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. కూడు, గూడు, మందులతో పాటు నిద్రనూ ఆ ప్రమాణాల్లో లెక్కించాలి. రాత్రి మసక లైటు, పగలు ఆరుబయట రెండు గంటలు, ఎవరి వేళకు వారు పడుకునే స్వేచ్ఛ. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. మాత్రల వేళ మార్చాలంటే మాత్రం డాక్టరే చెప్పాలి.

మన సుల్తాన్ బజార్లో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. పేపరు చదవడానికి గ్రంథాలయం దాకా నడిచే పెద్దాయనకు ఆ నడక, ఆ వెలుగు, నలుగురితో మాట రాత్రి నిద్రకు సాయపడతాయి. ఆశ్రమంలో ఉన్నవారికి ఆ దారి లేదు. కనుక పేపరే వారి దగ్గరకు వెళ్లాలి.

తమ్ముళ్లారా, ఆదివారం ఉదయం ఇద్దరిద్దరుగా వెళ్లండి. వారిని ఎండలో కూర్చోబెట్టి పేపరు చదివి వినిపించండి. డాక్టర్లు, నర్సులు, అధికారులైన పూర్వ విద్యార్థులారా, ఆశ్రమానికి వెళ్లినప్పుడు "భోజనం చేశారా?" అని అడిగి ఊరుకోకండి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని కూడా అడగండి.