పుదుచ్చేరి ఓటు, పారిస్ సీటు

1910లో కాకినాడ ప్లీడర్లలో చాలామందికి లేని హక్కు ఒకటి ఆ పక్కనే ఉన్న యానాంలోని జాలరికి ఉండేది. అది పార్లమెంటుకు ఓటు వేసే హక్కు. అదీ అలాంటిలాంటి పార్లమెంటుకు కాదు. పారిస్‌లోని ఛాంబర్ ఆఫ్ డెప్యూటీస్‌కు, అంటే ఫ్రాన్సు దిగువసభకు. బ్రిటిష్ ఇండియాలో 1909 నాటి మింటో-మార్లే సంస్కరణలు జమీందార్లు, వర్తక సంఘాలు, మునిసిపాలిటీల సభ్యుల వంటి కొద్దిమందికి మాత్రమే ఓటు విదిల్చాయి. ఫ్రెంచి ఇండియాలోనైతే 21 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ ఓటుంది. ఆస్తి, చదువు, కులం ప్రసక్తి లేదు. ఆడవాళ్ల మాట అడగొద్దు. ఫ్రాన్సులోనే వాళ్లకు ఆ హక్కు 1944 దాకా దక్కలేదు.

కాగితం మీద చూస్తే ఇది విప్లవమే. ఆచరణలో జరిగింది వేరు.

పుదుచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చందర్‌నగర్. మూడు తీరాల్లో, నాలుగు భాషల మధ్య చెదిరిన ఈ అయిదు ముక్కలకూ కలిపి దక్కింది ఒకే ఒక్క సీటు. దాదాపు 600 మంది ఉన్న సభలో ఒక్క గొంతు. 1848 విప్లవం పుణ్యమా అని తొలిసారి దక్కి, కొద్ది కాలానికే పోయిన ఈ ప్రాతినిధ్యం 1871లో తిరిగొచ్చింది. అప్పటినుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసే దాకా ఆ కుర్చీలో భారతీయుడు ఒక్కడూ కూర్చోలేదు. ఓటర్లు ఇక్కడివాళ్లు, నెగ్గేది మాత్రం పారిస్ పెద్దమనుషులు.

1910 ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికే తీసుకోండి. ఒకవైపు సిట్టింగ్ సభ్యుడు ఫిలెమా లెమేర్. గతంలో పుదుచ్చేరిలో గవర్నరుగా పనిచేసిన అధికారి. ఇంకోవైపు పాల్ బ్లూయిసెన్. పారిస్ పాత్రికేయుడు. బ్లూయిసెన్ గెలిచాడు. ఆయన తరఫున ప్రచారం కోసం ఫ్రాన్సు నుంచి వచ్చిన పాల్ రిషార్, సరిగ్గా అదే నెల 4న ఓడ దిగి కోమటి చెట్టి వీధిలో శంకర చెట్టి ఇంట్లో తలదాచుకుంటున్న అరవిందుణ్ని కలిశాడు. ఆ ఊళ్లో తెలుగు వర్తకుల ఉనికిని నేటికీ గుర్తు చేసే పేరు ఆ వీధిది.

ఎక్కడో పారిస్‌లో ఉండేవాడికి ఇక్కడ ఓట్లెలా రాలుతాయి? స్థానిక పెద్దల దయవల్ల. మేయర్లు వాళ్ల మనుషులే. ఓటర్ల జాబితా రాసేదీ, పెట్టె దగ్గర కూర్చునేదీ, లెక్క తేల్చేదీ ఆ మేయర్ల యంత్రాంగమే. 19వ శతాబ్ది చివరి రెండు దశాబ్దాల్లో షణ్ముగ వేలాయుద మొదలియార్ ఈ విద్యను పరాకాష్టకు తీసుకెళ్లాడు. సంప్రదాయ హిందువుల నాయకుడిగా ఆయన కనుసైగ చేస్తే ఓట్లు గంపగుత్తగా పడేవి. స్వంత ఆచార ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వచ్చిన 'రెనోన్సాంట్లు', వాళ్ల నేత పొన్నుతంబి పిళ్లై సమాన హక్కుల కోసం పోరాడినా ఆ యంత్రం ముందు నిలవలేకపోయారు. మొదలియార్ పోయాక యంత్రం చేతులు మారిందే తప్ప ఆగలేదు. దొమ్మీలు, దొంగ ఓట్లు పుదుచ్చేరి ఎన్నికలకు పర్యాయపదాలయ్యాయి.

బేరం సూటిగానే ఉండేది. ఓట్ల మూటను స్థానిక పెద్ద కడతాడు. బదులుగా పారిస్‌లో వలసల మంత్రిత్వ శాఖ దగ్గర డెప్యూటీ తన పలుకుబడి వాడతాడు. మాట వినని గవర్నరును కదిలిస్తాడు, అనుకూలుణ్ని నిలబెడతాడు. ఈ లావాదేవీలో ఇద్దరికీ లాభమే. నష్టపోయింది ఓటరు ఒక్కడే. తన పేరు మీద పడిన ఓటు తాను వేసిందో కాదో కూడా తెలియని ఓటరు.

1914లో రిషార్ మళ్లీ వచ్చాడు. ఈసారి తానే అభ్యర్థిగా. వెంట భార్య మిర్రా ఉన్నారు. తర్వాతి కాలంలో అరవిందాశ్రమంలో శ్రీమాతగా ప్రసిద్ధురాలైంది ఆమే. చందర్‌నగర్ ఓట్లు కూడగట్టమని అక్కడి తన అనుచరుడు మోతీలాల్ రాయ్‌కి అరవిందుడు లేఖలు రాశారు. ఫలితం శూన్యం. రిషార్‌కు నామమాత్రపు ఓట్లు దక్కాయి. బ్లూయిసెన్ మళ్లీ గెలిచాడు. ఆదర్శాలున్నాయి కానీ యంత్రం లేదు మరి.

అయితే అలా జరిగి తీరాలన్న నియమమేమీ లేదు. అదే 1914 ఎన్నికల్లో, అదే సభకు, ఆఫ్రికాలోని సెనెగల్ ఓటర్లు బ్లేజ్ డియాన్య అనే నల్లజాతీయుణ్ని గెలిపించారు. ఛాంబర్ ఆఫ్ డెప్యూటీస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి ఆఫ్రికన్ ఆయన. రెండేళ్లు తిరిగేసరికల్లా, 1915, 1916 చట్టాలతో, తన నాలుగు పట్టణాల వాసులకు ఫ్రెంచి పౌరసత్వాన్ని ఖాయం చేయించాడు. మనవాళ్లకు మనిషి దొరకడా అంటే అదీ కాదు. దాదాభాయ్ నౌరోజీని 1892లోనే లండన్ ఓటర్లు బ్రిటన్ దిగువసభకు పంపారు. అంటే తెల్లవాళ్లు ఓటేసి ఒక భారతీయుణ్ని గెలిపించిన రోజుల్లోనే, భారతీయులు ఓటేసి తెల్లవాళ్లను గెలిపిస్తున్నారు. తేడా చైతన్యంలో లేదు. ఓటు ఎవరి గుప్పిట్లో ఉందన్న దగ్గరే ఉంది.

పుదుచ్చేరి ఆ గీత దాటడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1945లో దైవ జీవరత్నం, 1946లో లాంబర్ శరవణే పారిస్ సభలకు ఎన్నికయ్యారు. 1951లో ఎదువార్ గుబేర్ వంతు వచ్చింది. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి భారతీయురాలు. ఆయన నడిపిందీ పాత తరహా యంత్రమే. కానీ ఊళ్లోనే ఉండి, ఊరి మనుషుల మధ్యే తిరగాల్సినవాడు కావడంతో గాలి మళ్లడాన్ని ముందే పసిగట్టాడు. 1954 మార్చిలో ఫ్రాన్సుకు గుడ్‌బై చెప్పి విలీనం వైపు దూకాడు. జూన్‌లో యానాం చేజారింది. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమైతే 170 మంది భారత్‌లో విలీనానికే ఓటేశారు. 1963లో అదే గుబేర్ ముఖ్యమంత్రి అయ్యాడు. పుదుచ్చేరి బీచ్ రోడ్డుకూ, పెద్ద మార్కెట్‌కూ ఇప్పుడు ఆయన పేరే.

సీటు రూపం మాత్రం పెద్దగా మారలేదు. చందర్‌నగర్ బెంగాల్‌లో కలిసిపోగా మిగిలిన నాలుగు ముక్కలకూ లోక్‌సభలో ఇప్పటికీ ఒక్కరే సభ్యుడు. పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాం తెలుగువాళ్లు, తమిళ నేలమీద తేలే ఫలితం కోసం ఎదురుచూడాల్సిందే. వాళ్ల ఓట్లన్నీ ఒకవైపే పడినా ఎంపీ తలరాత మారడం అరుదు. బ్లూయిసెన్ నాటి దొంగ లెక్కలు ఇప్పుడు లేవు, పారిస్ అంత దూరమూ లేదు. అయినా నూరేళ్ల కిందటి ప్రశ్నకు కాలం చెల్లలేదు. ఓటు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. గెలిచిన మర్నాడు ఆ సభ్యుడు ఎవరికి మొహం చూపించాల్సి ఉంటుందన్నదే అసలు ప్రశ్న.