ఆరోగ్య విషయములు: ఎఱ్ఱగీత గల మందులు



మొన్న ఆబిడ్సులో నొక మందుల యంగడి యొద్ద మేము నిలిచియుండగా నొక తల్లి వచ్చి, "పిల్లవానికి జలుబు, జ్వరము. క్రిందటిసారి యిచ్చిన మాత్రలే నాలుగిండు" అని యడిగెను. వైద్యుని చీటి లేదు. అంగడివాడు నాలుగు మాత్రలు కత్తిరించి యిచ్చెను. ఆ మాత్రల పట్టీపై నిలువుగా నొక యెఱ్ఱగీత యున్నది. ఆమె దానిని చూడలేదు, అతడు చూపలేదు. ఆ తల్లిని మేము నిందింపము. బిడ్డ యొడలు కాలిపోవుచుండ నే తల్లి నిదానింపగలదు? అయినను ఆ గీత సంగతి చెప్పక తీరదని తోచినది.

జలుబు సాధారణముగా వైరసుల వలన వచ్చును. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా యను సూక్ష్మక్రిములనే చంపును గాని వైరసులను చంపవు. కావున జలుబునకు వాని వలన లాభము లేదు; నష్టము కలదు. మందు తగిలినప్పుడు బలహీనమైన క్రిములు చచ్చును, తట్టుకొనగలవి మిగులును. మిగిలినవే వృద్ధి పొందును. మఱునాడు నిజముగా మందు కావలసివచ్చినపుడు అది పనిచేయదు. పెనిసిలిన్ కనుగొనిన ఫ్లెమింగుగారు 1945లో నోబెలు బహుమానమందుకొనుచు, చాలీచాలని మోతాదులు క్రిములను మొండివిగా చేయునని అప్పుడే హెచ్చరించిరి.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువారికిని పాలు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు నాయకులై యుండగా, మట్టిలోని యొక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ లభించెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేడే వారు గతించిరి.

పాతమందులు మొద్దుబాఱుచున్నందున పండితులు క్రొత్తదారులు వెదకుచున్నారు. 1996లో నేర్పడి, కొన్ని సంవత్సరములు మన నాంపల్లి గృహకల్పలో నుండి, ఇప్పుడు ఉప్పలులో నున్న సి.డి.ఎఫ్.డి. పరిశోధనాలయమున రంజన్ సేన్ గారి బృందము అట్టి దారి నొకదానిని పరిశీలించినది. పురాణము చదువువారికి అధ్యాయ మెక్కడ ముగియునో తెలియవలెను గదా! బాక్టీరియా తన జన్యులిపిని చదువునపుడు అనేకచోట్ల ఆగుమని చెప్పునది 'రో' యను ప్రోటీను. అది పనిచేయకున్న ఆ క్రిమి జీవితము తాఱుమాఱగును. బాక్టీరియాను పట్టి పీడించు వైరసులును కలవు. వానిలో పి4 అను దాని 'సు' ప్రోటీను ఈ రోను అడ్డగించునని వారు వివరించిరి. ఆ ప్రోటీనును అనుసరించి చిన్న పెప్టైడులను గూడ రూపొందించిరి. మనుష్య కణములలో రో లేదు గావున, దానిపై గుఱిపెట్టిన మందు మనకు హాని చేయక క్రిమినే కొట్టునని ఆశ. కాని ప్రయోగశాలనుండి అంగడికి దారి మిక్కిలి దీర్ఘము. అంతవఱకు ఉన్న మందులను కాపాడుకొనుట మన చేతిలో నున్నది.

అందుకు గృహిణులు చేయదగిన పనులివి:

1. పట్టీపై ఎఱ్ఱగీత యున్నచో వైద్యుని చీటి లేక కొనరాదు. ఈ గీత నర్థము చేసికొనుడని 2016లో కేంద్రప్రభుత్వము ప్రచారము చేసినది.

2. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పిన దినములను తప్పరాదు. జ్వరము తగ్గినదని మనంతట మానరాదు. క్షయకు సామాన్యముగా ఆఱు నెలలు మందు వాడవలెను. అది ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా దొరకును.

3. మిగిలిన మాత్రలను దాచి మఱియొకరి కీయరాదు. పెద్దవానికి వ్రాసినది చిన్నదానికి పనికిరాదు.

4. చేతులు సబ్బుతో కడుగుకొనుట, నీరు కాచి త్రాగుట, బిడ్డలకు టీకాలు వేయించుట మఱువరాదు. రాని రోగమునకు మందక్కఱలేదు.

ఇంట మందుల పెట్టె తాళము ప్రాయికముగా మన కొంగుననే యుండును. దానిని తెఱచుటకు ముందు ఒకసారి ఆ యెఱ్ఱగీతను చూడుడు. ప్రక్కయింటి సోదరికిని చూపుడు.