బావిలోకి దిగే ముందు



వేసవిలో నీళ్లు అడుగంటగానే మన పల్లెల్లో బావుల పూడిక తీసే పని మొదలవుతుంది. ఏళ్ల తరబడి వాడని బావిలోకి ఒకడు దిగుతాడు. కొద్దిసేపటికే ఉలుకూ పలుకూ లేకుండా పడిపోతాడు. తమ్ముని కోసం అన్న, అన్న కోసం తండ్రి దిగుతారు. ఇలా ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. బావిలో దయ్యముందని కొందరంటారు. అది దయ్యం కాదు, బొగ్గుపులుసు వాయువు.

ఈ వాయువు మన ఒంట్లోనే నిత్యం తయారవుతుంది. రక్తం దానిని ఊపిరితిత్తులకు చేరుస్తుంది, అవి బయటకు పంపివేస్తాయి. మనం విడిచే ఊపిరిలో నూటికి సుమారు 4 పాళ్లు ఇదే. బయటి గాలిలోనైతే పదివేలకు 4 పాళ్లు మాత్రమే. పీల్చే గాలిలోనే ఇది ఎక్కువైతే ఒంట్లోనిది బయటకు పోదు; రక్తంలో పులుపు గుణం పెరుగుతుంది. మొదట ఆయాసం, తలనొప్పి, ఆ తరువాత మగత. గాలిలో నూటికి 10 పాళ్లు ఉంటే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది.

దీనికి రంగు లేదు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు గనుక పల్లానికి చేరుతుంది. ఆకులు, చెత్త కుళ్లిన బావుల్లోను, ధాన్యపు పాతరల్లోను నిలిచిపోతుంది. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు నుండి వెలువడిన ఈ వాయువు లోయల్లోకి పారి సుమారు 1,700 మందిని బలిగొన్నది.

మన పెద్దలు దీపం దించి చూసేవారు. దీపం ఆరితే ప్రమాదమన్న మాట నిజమే. కాని వెలిగినంత మాత్రాన క్షేమమని కాదు. పైగా లోపల మండే వాయువు ఉంటే అంటుకుంటుంది. కనుక ముందుగా యంత్రంతో లోపలికి గాలి కొట్టించి, పరీక్షించగల వారికి చూపించాలి. దిగేవాని ఒంటికి గట్టి తాడు కట్టి, పైన ఇద్దరు ముగ్గురు కనిపెట్టి ఉండాలి. పడిపోతే పైనుండే లాగాలి.

తాడు లేకుండా పడిపోయాడా? ఎవరూ దిగవద్దు. వెంటనే 101కి గాని 112కి గాని ఫోన్ చేయండి. అయినవాడు లోపల పడి ఉంటే గట్టున నిలబడడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా వెంట దూకినవాడు రెండవ శవమవుతాడే గాని మొదటివానిని బ్రతికించలేడు. ఈ సంగతి మీ ఇంట పిల్లలకు, పొలంలో పనివారికి తప్పక చదివి వినిపించండి.