ఇరవై వేలు ఎవరికి?

2024 ఊడ్పుల రోజుల్లో కాలువ గట్టు మీద ఒక కౌలు రైతు మమ్మల్ని ఆపి అడిగాడు. "ఏవండీ, ఆ ఇరవై వేలు వస్తాయంటారా?" వస్తాయనే అన్నాం. "మాకా, మా షావుకారికా?" అన్నాడు. ఆయన చేసే చేను గలాయన హైదరాబాదులో ఉంటాడు, సంక్రాంతికి వచ్చి మక్తా లెక్క చూసుకుని వెళ్తాడు. ఆ రెండో ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. అప్పట్లో సర్కారు దగ్గర కూడా ఉన్నట్టు కనపడలేదు.

2024 జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో ఉన్న 34 సీట్లకి 34 కూటమి చేతిలో పెట్టాం. రాష్ట్రం మొత్తం మీద 175కి 164. ఇంత పెద్ద మెజారిటీ ఊరికే రాలేదు. ధాన్యం తోలి నెలలు గడిచినా డబ్బు పడని రైతులు, పట్టాదారు పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ చూసి ఒళ్ళు మండిన రైతులు, భూ హక్కుల చట్టం పేరు చెబితే గుండె దడ పుట్టిన రైతులు వేసిన ఓట్లు అవి. వాటితో పాటు సూపర్ సిక్స్ చూసి వేసిన ఓట్లూ ఉన్నాయి. ఆ ఆరింటిలో మనదని చెప్పుకోదగ్గది అన్నదాత సుఖీభవ, రైతుకి ఏడాదికి 20 వేలు.

ఇచ్చిన మాటలో చేసినవి చేశారు. అది ముందు చెప్పాలి. మన సంఘం ఏ పార్టీకీ తోక కాదు, ఏ పార్టీకీ పగదీ కాదు. జూన్ 13న చంద్రబాబు గారు పెట్టిన తొలి సంతకాల్లో భూ హక్కుల చట్టం రద్దు ఉంది, జూలైలో శాసనసభలో బిల్లూ పెట్టి రద్దు చేశారు. పింఛను నాలుగు వేలు చేశారు, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి జూలై ఒకటిన ఏడు వేలు అవ్వాతాతల చేతిలో పెట్టారు. 65 లక్షల మందికి ఒక్క రోజే 4,400 కోట్లు. పాత ప్రభుత్వం వదిలేసిపోయిన ధాన్యం బకాయిలు 1,674 కోట్లు రెండు విడతల్లో కట్టేశారు. అందులో మన జిల్లాల వాటా పెద్దదే. కాబట్టి వీళ్ళు ఏమీ చెయ్యరు అని నోరు పారేసుకోవడం న్యాయం కాదు.

అయితే జూలై 26న శాసనసభలో ఆర్థిక శ్వేతపత్రం పెడుతూ ముఖ్యమంత్రి గారు అన్న మాట మనల్ని ఉలిక్కిపడేలా చేసింది. అప్పులూ బకాయిలూ కలిపి 9 లక్షల 74 వేల కోట్లట, ఖజానా చూస్తే సూపర్ సిక్స్ ఎలా చెయ్యాలో భయమేస్తోందట. అప్పుల సంగతి అధికారంలోకి వచ్చాక తెలిసిందా? రాష్ట్రం శ్రీలంక అయిపోతోందని ఊరూరా తిరిగి మనకి చెప్పింది ఆయనే కదా. మునిగిన పడవ అని తెలిసే కదా ఎక్కారు, తెలిసే కదా టిక్కెట్లు అమ్మారు. మేనిఫెస్టో విడుదల రోజే దాని మీద మోదీ గారి ఫోటో లేకపోవడం చూసి మనలో కొందరికి అనుమానం తగిలింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

పాత సంగతులు కాస్త తవ్వుకుందాం. మనలో వయసు మళ్ళిన వాళ్ళకి ఇవి కొత్త కాదు, కుర్రాళ్ళకి తెలియాలి.

1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం అన్నారు, ఇచ్చారు. 1994లో మద్యనిషేధం అన్నారు, 1995లో పెట్టారు, 1997లో ఆయన అల్లుడే ఎత్తేశారు. 2004లో రాజశేఖర రెడ్డి గారు ప్రమాణ స్వీకారం వేదిక మీదే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు, అది ఈనాటికీ నడుస్తోంది. బోరు ఉన్న మెట్ట రైతుకి అది ప్రాణం. కాలువ కింద రైతుకి దానితో పని తక్కువ, అది వేరే మాట.

2014 సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. వ్యవసాయ రుణాలన్నీ మాఫీ, బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం కూడా ఇంటికొస్తుంది అన్నారు. జూన్ 8న తొలి సంతకం పెట్టారు. దేని మీద? మాఫీ మీద కాదు, మాఫీ ఎలా చెయ్యాలో చెప్పే కోటయ్య కమిటీ మీద. కమిటీ వచ్చాక కుటుంబానికి లక్షన్నర హద్దు వచ్చింది. పంటకి ఎకరాకి ఇంతే అప్పు అని పరిమితి వచ్చింది. 87 వేల కోట్ల పైచిలుకు రుణాలు కాస్తా 24 వేల 500 కోట్లకి దిగాయి. యాభై వేల లోపు వాళ్ళకి ఒకేసారి పోయింది, మిగతా వాళ్ళకి అయిదు కిస్తీలు. మూడు వచ్చాయి. నాలుగు, అయిదు కిస్తీలకి 2019 మార్చిలో, సరిగ్గా ఎన్నికల గుమ్మంలో జీవో ఇచ్చారు. సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ బాండు కాగితాలు ఇంకా మన ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. పోనీ రాని డబ్బు రాలేదు, ఉన్నది పోయింది. మాఫీ అవుతుందని గడువులో అప్పు కట్టకుండా ఆగిన వాళ్ళకి సున్నా వడ్డీ దాటిపోయింది, పంట రుణం మొండి బాకీ అయ్యి పన్నెండు, పద్నాలుగు శాతం వడ్డీ నెత్తిన పడింది. మాఫీ వచ్చింది వడ్డీకి సరిపోయిందని లెక్క చెప్పిన వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

2019లో జగన్ గారు రైతు భరోసా అన్నారు. ఏటా పన్నెండున్నర వేల చొప్పున నాలుగేళ్ళు, మొత్తం యాభై వేలు. అక్టోబరు 15న నెల్లూరులో మొదలుపెట్టారు. పదమూడున్నర వేలు ఇస్తున్నాం, అయిదేళ్ళు ఇస్తున్నాం, చెప్పిన దానికంటే ఎక్కువే అని గొప్పగా చెప్పుకున్నారు. విప్పి చూస్తే అందులో ఆరు వేలు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ డబ్బు. రాష్ట్రం పెట్టింది ఏడున్నర వేలు. అయిదేళ్ళకి 37 వేల 500. కౌలు రైతుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్ళకి మాత్రమే అన్నారు, ఓసీ కౌలు రైతు రైతు కాకుండా పోయాడు. అర్హులన్న వాళ్ళయినా భూమి గలాయన సంతకం పెట్టిన సాగు హక్కు పత్రం తెస్తేనే. ఆ సంతకం ఎవరు పెడతారు?

మనకి తెలిసొచ్చింది ఇదీ. ఈ నాయకులు మాట ఒట్టిగా తప్పరు. తప్పితే దొరికిపోతారు. మాటకి కత్తెర వేస్తారు. సభలో 'రైతుకి' అంటారు, మార్గదర్శకాల్లో ఆ రైతు చిక్కిపోతాడు. కనుక "ఇస్తారా, ఇవ్వరా" అని అరుగుల మీద పందేలు కాసుకోవడం దండగ. ఇస్తారు. ఎంతిస్తారు, ఎవరికిస్తారు, ఏ ఏడాది నుంచి అన్నదే అడగాల్సింది. 2024లో మా అనుమానం ఇలా రాసి పెట్టాం: 20 వేలలో మళ్ళీ ఆ ఆరు వేలు కలిపేస్తారు, రాష్ట్రం వంతు 14 వేలే అవుతుంది, ఆ ఏటి సార్వాకి ఒక్క రూపాయీ రాదు. అప్పటికి పూర్తి బడ్జెట్టే పెట్టలేదు, నాలుగు నెలలకి ఓట్ ఆన్ అకౌంట్ పొడిగించుకున్నారు. అందులో సుఖీభవకి చోటెక్కడిది? మా మాట తప్పయ్యుంటే మాకంటే సంతోషించే వాళ్ళు ఉండేవారు కాదు.

2024లో పింఛను ఎందుకు చెల్లింది, రైతు సొమ్ము ఎందుకు చెల్లలేదు? పింఛనుదారుల పేర్లు వరసగా పుస్తకంలో ఉన్నాయి, ఒకటో తారీఖు రాకపోతే ఊరంతా గోల. రైతు పేరు ఏ పుస్తకంలో ఉంది? ఒన్ బీలో భూమి గలాయన పేరు ఉంటుంది. డెల్టాలో చేలో దిగి దమ్ము చేసేది, నారు పీకించేది, ఎరువు అప్పు తెచ్చేది చాలావరకు కౌలు రైతు. 2011లో సాగుదారుల చట్టం వచ్చినప్పుడు రుణ అర్హత కార్డులకి యజమాని సంతకం తప్పనిసరి కాదు, ఊళ్ళో విచారించి ఇచ్చేవారు. ఆ చట్టం లోటులేనిదని కాదు, బ్యాంకులు ఆ కార్డు చూసి మొహం తిప్పుకున్నాయి. 2019 చట్టం ఉన్న కాస్త దారినీ సంతకంతో మూసేసింది. ఆ తలుపు తెరవకుండా 20 వేలు వదిలితే అవి నేరుగా హైదరాబాదో బెంగుళూరో వెళ్తాయి. ఆ కాలువ గట్టు మీద ఆయన అడిగింది అదే.

2024 జూలై వానలకి ఎర్రకాలువ పొంగి నారుమళ్ళూ ఊడ్చిన చేలూ మునిగాయి. మళ్ళీ ఆకు పోసిందెవరు? మళ్ళీ కూలి పెట్టి ఊడ్పించిందెవరు? ఎన్యూమరేషన్‌కి వచ్చినాయన పాసు పుస్తకం అడిగితే నీళ్ళలో నిలబడ్డ మనిషి ఏం చూపిస్తాడు?

ఇంకో లెక్క కూడా వెయ్యాలి. 2024-25లో మామూలు రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,300. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు మొత్తం ఖర్చు మీద సగం కలిపితే 3,012 రావాల్సింది. తేడా 712. మన 75 కిలోల బస్తాకి 534 రూపాయలు. ఎకరాకి ముప్పై బస్తాలు వేసుకుంటే ఒక్క పంటకి 16 వేలు. అయిదెకరాల రైతుకి 80 వేలు. దాళ్వా కూడా కలిపితే మీరే లెక్క కట్టుకోండి. మనకి న్యాయంగా రావాల్సింది అంత పోతుంటే ఏడాదికి 20 వేలు ఇస్తామన్న మాట పట్టుకుని వేలాడాం. అదయినా ప్రకటించిన ధర దక్కితేనే. తేమ 17 శాతం దాటిందని, సంచులు లేవని, ట్రక్‌షీటు రాలేదని బస్తాకి వందా రెండొందలూ కోసుకోవడం మన కళ్ళాల్లో కొత్త విషయమా? తేమ కొలిచే యంత్రం ఆర్బీకేలో ఒక అంకె చూపిస్తే మిల్లు గుమ్మంలో ఇంకో అంకె చూపిస్తుంది. ఇలాంటి వింత యంత్రం వ్యవసాయంలో తప్ప ఎక్కడా ఉండదు.

ఢిల్లీలో ఈరోజు మోదీ గారి ప్రభుత్వం చంద్రబాబు గారి 16 మంది ఎంపీల భుజం మీద నిలబడింది. ఆ భుజం బలంతోనే 2024 జూలై 23 బడ్జెట్లో అమరావతికి 15 వేల కోట్ల మాట వచ్చింది. రాజధాని కావాలి, కాదనం. అదే నోటితో 3,012 ఎందుకు అడగలేదు? 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టినప్పుడు మోహన్ కందా కమిటీ వేశారు. ఆనాడు అడిగినవీ ఇవే, గిట్టుబాటు ధర, మురుగు కాలువలు, కౌలుదారుకి అప్పు. 2022లో అక్కడే మళ్ళీ పంట విరామం మాట లేచింది. 2024 దాకా పదమూడేళ్ళలో మురుగు కాలువలో గుర్రపుడెక్క పెరిగింది తప్ప కమిటీ మాట కదల్లేదు.

నీళ్ళ మంత్రి నిమ్మల రామానాయుడు గారు పాలకొల్లు మనిషి. శివారు చేనుకి నీరు ఎక్కకపోతే ఏమవుతుందో ఆయనకి మనం చెప్పక్కర్లేదు. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చింది చంద్రబాబు గారే, 2024 నాటికి ఏళ్ళ తరబడి వాటికి ఎన్నికలు జరగలేదు. వాటిని జరిపించడానికి ఖజానా అడ్డం రాదు. కౌలు చట్టంలో సంతకం తీసెయ్యడానికీ రూపాయి ఖర్చు లేదు. డబ్బు లేదన్న సాకు ఉన్న చోట కాసేపు ఆగుతాం, డబ్బు అక్కర్లేని పనులు ముందు చెయ్యమని అడుగుతాం. ఇవి కూడా చెయ్యకపోతే ఖజానా మాట వట్టి సాకని మనకి తెలుస్తుంది.

పక్క తెలంగాణ కూడా చూస్తున్నాం. రేవంత్ రెడ్డి గారు రెండు లక్షల రుణమాఫీ 2024 జూలై 18న మొదలుపెట్టి ఆగస్టు 15 నాటికి మూడు విడతల్లో ముగించామన్నారు. పేరు రాని రైతులు బ్యాంకుల చుట్టూ తిరిగారు. ఎకరాకి 15 వేలన్న రైతు భరోసా, కౌలు రైతుకీ ఇస్తామన్నది, 2024 వానాకాలానికి రాలేదు. అక్కడా కత్తెర అదే చోట పడింది.

ఈ నెలలో మన గ్రామ కమిటీలు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆర్బీకేల బోర్డులు మారాయి, రైతు సేవా కేంద్రాలంటున్నారు. వెళ్ళి ఈ-క్రాప్‌లో చేను ఎవరి పేరున ఎక్కిందో చూడండి. కౌలు రైతు సాగు చేస్తున్న చేను యజమాని పేరున ఎక్కితే ఆ సర్వే నెంబరు, విస్తీర్ణం, సాగుదారు పేరు ఒక తెల్ల కాగితం మీద రాయించి, వ్యవసాయ సహాయకుడికి ఒక కాపీ ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి, ఒక కాపీ సంఘం దగ్గర పెట్టండి. ఊళ్ళో ఎంతమంది కౌలు రైతులున్నారో, వాళ్ళలో ఎందరికి కార్డు ఉందో లెక్క కూడా రాయండి. మన చేతిలో ఆ కాగితాలు ఉండాలి. గట్టు మీద మమ్మల్ని అడిగిన ఆయన పేరు మా ఊరి జాబితాలో మొదట రాశాం.