డాష్‌బోర్డు చెప్పే మైలేజీ ఎంతవరకు నిజం?

ఉక్కు కర్మాగారాల్లో రోజూ లెక్కగట్టే అంకెల్లో కోక్ రేటు ఒకటి. టన్ను ఇనుము తీయడానికి ఎన్ని కిలోల కోక్ ఖర్చయిందో అది చెబుతుంది. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయ్ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ ఫర్నేసుల చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో, ఇంధనానికీ దాంతో జరిగిన పనికీ ఉన్న నిష్పత్తి అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మన కారు మైలేజీ కూడా అలాంటి నిష్పత్తే. తేడా ఎక్కడంటే, ఫర్నేసులో వేసే కోక్‌ను తూకం వేస్తారు. కారులో కాలే పెట్రోలును మాత్రం కారు కంప్యూటర్ అంచనా వేసి సరిపెడుతుంది.

భిలాయ్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పండగకో పెళ్లికో కారులో విశాఖ వైపు బయల్దేరితే 500 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. తిరిగొచ్చాక మొదలయ్యే చర్చ అందరికీ తెలిసిందే. డిస్‌ప్లే లీటరుకు 17 అంటుంది, బంకు రశీదులతో లెక్కేస్తే 16 వస్తుంది. ఏది నిజం? ఇంట్లో సరదాగా సాగే ఈ వాదన ఇప్పుడు ఇ20 పెట్రోలు పుణ్యమా అని దేశమంతటి వాదన అయింది. అందుకే ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

పెట్రోలు కార్లలో మామూలుగా ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే ఇంధనాన్ని కొలిచే మీటరు ఉండదు. ఇంజెక్టరు ప్రతిసారీ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో కంప్యూటరుకు తెలుసు. ఆ ఒత్తిడి దగ్గర ఇంజెక్టరు సెకనుకు ఎంత పెట్రోలు వదలాలో కంపెనీ ముందే అందులో రాసి పెడుతుంది. రెంటినీ గుణించి, కూడుకుంటూ పోతే లీటర్లు వస్తాయి. ఇంజెక్టర్లన్నీ అచ్చం ఒకేలా తయారు కావు. కొన్నేళ్లకు వాటి మొనల దగ్గర మసి పేరుకుంటుంది. పెట్రోలు ఒత్తిడి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఈ చిన్న తేడాలన్నీ కలిసి లీటర్ల లెక్కను కొన్ని శాతం పక్కకు లాగగలవు. బంకు లెక్కతో పోల్చినప్పుడు చాలా కార్ల డిస్‌ప్లే కాస్త ఎక్కువ మైలేజీనే చూపిస్తుంది. తక్కువ చూపించే కార్లూ ఉన్నాయి.

ఇక కిలోమీటర్లు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని టైరు చుట్టుకొలతతో గుణిస్తే దూరం వస్తుంది. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. టైరు మార్చాల్సిన దశకు అది 1.6 మిల్లీమీటర్లకు వస్తుంది. చక్రం వ్యాసార్థం 300 మిల్లీమీటర్లు అనుకుంటే ఇది దాదాపు 2 శాతం తగ్గుదల. చిన్నదైన చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి, మీటరు 102 కిలోమీటర్లు చూపించినా కారు నిజంగా నడిచింది 100 కిలోమీటర్లే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. బంకు రశీదుతో మనం వేసే లెక్కలోనూ కిలోమీటర్లు ఆ మీటరు నుంచే తీసుకుంటాం. అంటే డిస్‌ప్లేనూ చేతిలెక్కనూ పోల్చినప్పుడు బయటపడేది లీటర్ల తేడా మాత్రమే. దూరంలో ఉన్న తప్పు రెండింటిలోనూ సమానంగా దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే బయటి ఆధారం కావాలి. దుర్గ్, భిలాయ్‌ల మీదుగా రాయ్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి 53 పక్కన కిలోమీటరు రాళ్లున్నాయి. ఓ 20 కిలోమీటర్లు వాటితో మీటరును సరిచూస్తే సరిపోతుంది.

మరి చేతిలెక్క నిక్కచ్చిగా ఉంటుందా? ఒక ఉదాహరణ చూద్దాం. ఫుల్ ట్యాంకు చేయించి 480 కిలోమీటర్లు నడిపాక, మళ్లీ నింపితే 30 లీటర్లు పట్టిందనుకోండి. లీటరుకు 16. కానీ 'ఫుల్' అనేది ప్రతిసారీ ఒకే గీత దగ్గర ఆగదు. నాజిల్ దానంతటది ఆగే చోటు బంకును బట్టి, కారు నిలబడిన వాలును బట్టి మారుతుంది. మొదటిసారి అర లీటరు, రెండోసారి అర లీటరు తేడా వచ్చినా, అసలు ఖర్చు 29 నుంచి 31 లీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే మైలేజీ 15.5 కావచ్చు, 16.6 కావచ్చు. అదే 10 లీటర్లు మాత్రమే పట్టినప్పుడు లెక్కేస్తే ఒక లీటరు తేడా అంటే 10 శాతం. ఆ లెక్కతో డిస్‌ప్లేను తప్పుపట్టలేం.

దీనికి సులువైన ఉపాయం ఉంది. వరసగా అయిదారు ట్యాంకుల లీటర్లన్నీ కూడండి. మధ్యలో నింపినప్పుడు వచ్చిన హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈసారి ఎక్కువ పడితే వచ్చేసారి ఆ మేరకు తక్కువ పడుతుంది. మిగిలేది మొట్టమొదటి ఫుల్, చిట్టచివరి ఫుల్‌లలోని తేడాయే. 150 లీటర్లలో ఒక లీటరంటే ఒక శాతం కూడా కాదు. అయితే ఒక్కో ట్యాంకు మైలేజీని విడిగా రాసుకుని వాటికి సగటు తీయకూడదు. 100 కిలోమీటర్లు లీటరుకు 20 చొప్పున, మరో 100 కిలోమీటర్లు 10 చొప్పున నడిస్తే సగటు 15 కాదు. మొత్తం 200 కిలోమీటర్లకు 15 లీటర్లు ఖర్చయింది కాబట్టి అది 13.3.

ఇప్పుడు ఇ20 సంగతికి వద్దాం. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్లే ఉంటుంది. 20 శాతం ఇథనాల్ కలిపితే, అసలు ఇథనాల్ లేని పెట్రోలుతో పోల్చినప్పుడు లీటరుకు శక్తి 7 శాతం దాకా తగ్గుతుంది. కానీ మన దేశం 2022 నాటికే సగటున 10 శాతం మిశ్రమానికి చేరింది. అక్కడి నుంచి 20 శాతానికి వెళ్లినప్పుడు తగ్గేది 3 నుంచి 4 శాతం. ఇంజను ఆ ఇంధనానికి తగ్గట్టు తయారైందా లేదా అన్నదాన్ని బట్టి అసలు మైలేజీలో తేడా మారుతుంది.

ఈ 3, 4 శాతాన్ని పైన చూసిన తప్పుల పక్కన పెట్టి చూడండి. ఒక్క ట్యాంకు లెక్కలోనే 3 శాతం అనిశ్చితి ఉంది. అరిగిన టైర్లు 2 శాతం, డిస్‌ప్లే పక్షపాతం మరికొన్ని శాతం. ఏసీ వాడకం, ట్రాఫిక్ మార్పులు వీటికి అదనం. ఇలాంటి కొలతలతో ఒకరు 'మైలేజీ పడిపోయింది' అంటారు, ఇంకొకరు 'ఏమీ మారలేదు' అంటారు. ఇద్దరూ చూసింది చూసినట్టే చెబుతుండొచ్చు. కానీ వాళ్ల చేతిలో ఉన్న కొలబద్దకు అంత చిన్న మార్పును పట్టే శక్తి లేదు. నష్టపోయేది మాత్రం లీటరు లెక్కన బతికే ట్యాక్సీ డ్రైవర్లు, నెల జీతంలో పెట్రోలుకు ఇంతని తీసిపెట్టుకునే కుటుంబాలు. తమ ఫిర్యాదు నిజమో కాదో రుజువు చేసుకునే దారి వాళ్లకు లేదు.

నా వాదన ఇదే. పెట్రోలు బంకు మెషీన్‌కు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. అందులో తేడా 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం దాటకూడదు. బంకులో అర శాతానికి ఇంత పట్టింపు ఉన్నప్పుడు, అదే పెట్రోలు కారులోకి వెళ్లాక దాని లెక్క చూపించే అంకె పక్కన 'ఇన్ని శాతం అటూ ఇటూ' అన్న మాటైనా కనిపించకపోవడం ఏమిటి?

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి కొత్త పెట్రోలు, డీజిల్ కార్లు జీవితకాలంలో వాడిన మొత్తం ఇంధనాన్ని, నడిచిన దూరాన్ని తమలో నమోదు చేసుకోవాలి. ఇంధనం లెక్కలో తప్పు 5 శాతం దాటకూడదు. అలా లక్షల కార్ల నుంచి సేకరించిన వివరాలతో 2024లో ఐరోపా కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. పెట్రోలు, డీజిల్ కార్లు రోడ్డు మీద వాడే ఇంధనం పరీక్షశాల అంకెల కన్నా సుమారు 20 శాతం ఎక్కువని తేలింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్ల ఉద్గారాలు ధ్రువీకరణ అంకెలకు మూడున్నర రెట్లు ఉన్నాయి. విడి విడి కారు యజమానులు ఎంత గొంతు చించుకున్నా తేలని విషయం, కొలత సరిగ్గా ఉండటంతో తేలిపోయింది.

మన దగ్గరా అలాంటి నమోదు రావాలి. ఎంత తేడా వరకు అనుమతిస్తారో వినియోగదారుడికి రాతపూర్వకంగా చెప్పాలి. పేర్లు, నంబర్లు తీసేసి ఆ వివరాలను ప్రజల ముందు పెట్టాలి. అప్పుడు ఇ20 వల్ల ఏ రకం కారుకు ఎంత నష్టమో వాదించుకోనక్కర్లేదు, చూసుకోవచ్చు.

అంతవరకు డిస్‌ప్లేను పక్కన పడేయనక్కర్లేదు. ఒక కారులో దాని తప్పు చాలావరకు ఒకే వైపు, ఒకే మోతాదులో ఉంటుంది. కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పడానికి అది పనికొస్తుంది. టైర్లలో గాలి సరిచేశాక మైలేజీ పెరిగిందా, నిదానంగా నడిపితే ఎంత కలిసొచ్చింది అన్నవి దాన్నే అడగండి. మీ కారుతో పక్కింటి కారును పోల్చడానికి, నెల ఖర్చు లెక్కకు మాత్రం అయిదారు ట్యాంకుల రశీదులు దాచుకోండి.