మిగిలింది వచ్చే వారం!

మా ఊళ్ళో సస్పెన్సు రైలు దిగగానే మొదలవుతుంది. ఆమదాలవలస వెళ్ళాలని బయల్దేరతారు. తీరా దిగేచోట బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది! కొత్తవాళ్ళు ఒకటికి రెండుసార్లు అడిగిగానీ మెట్లు దిగరు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద సస్పెన్సు ‘అన్వేషిత’. తొంభైల చివర్లో ఈటీవీలో వారం వారం వచ్చిన సీరియల్. అచ్యుత్, యమున నటించారు. టైటిల్ మ్యూజిక్ మొదలైతే చాలు, నేను మామ్మ చీర కొంగులో దూరిపోయేవాణ్ణి. ఒక కన్ను కొంగు లోపల, ఇంకో కన్ను టీవీ మీద. పక్కింటివాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. సరిగ్గా అసలు సంగతి బయటపడే సమయానికి కరెంటు పోయేది. ఇక ఆ రాత్రంతా తలా ఒక కథ. మామ్మది మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: ‘‘దెయ్యం నేదు, గియ్యం నేదు. ఆ నవ్వీవోడే ఏదో సేసుంటాడు.’’

మర్నాడు పొద్దున్న నాన్న విశాఖ రైల్లో తోటి సీజన్ టికెట్ వాళ్ళను వాకబు చేసేవారు. సాయంత్రానికి రెండు మూడు రకాల కథలతో తిరిగొచ్చేవారు. ఏది నిజమో తేలాలంటే వచ్చే వారం దాకా ఆగాల్సిందే.

సరిగ్గా ఇలాంటి వ్యవహారమే అంతకు కొన్నేళ్ళ ముందు అమెరికాలోనూ నడిచింది. 1990 ఏప్రిల్‌లో ఏబీసీ చానెల్లో ‘ట్విన్ పీక్స్’ మొదలైంది. కొండలు, దట్టమైన అడవి, మధ్యలో ఒక చిన్న ఊరు. లారా పామర్ అనే అమ్మాయి శవం ప్లాస్టిక్ కాగితంలో చుట్టి నీటి ఒడ్డున దొరుకుతుంది. విచారణకు వచ్చిన కూపర్ అనే అధికారి కాఫీ, చెర్రీ పై లొట్టలేస్తూ తింటాడు, ఆధారాలు మాత్రం కలలో వెతుకుతాడు! ఆ కలలో ఎర్రటి పరదాల గది. అక్కడివాళ్ళ మాటలు వింటే వెన్ను జలదరిస్తుంది. కిటుకు ఏమిటంటే, నటుల చేత డైలాగులు తిరగేసి పలికించి, ఆ రికార్డును మళ్ళీ తిరగేసి వినిపించారు. మాట అర్థమవుతుంది, మనిషి మాట్లాడినట్టు మాత్రం ఉండదు.

దర్శకుడు డేవిడ్ లించ్, రచయిత మార్క్ ఫ్రాస్ట్ కలిసి సృష్టించిన సీరియల్ ఇది. అందులో కనిపించే జలపాతం సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీ. అక్కడ ఉద్యోగాలు చేసే మనవాళ్ళు వారాంతాల్లో పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగే చోటే. వెనక ఇంత కథ ఉందని ఎంతమంది గమనిస్తారో!

చంపిందెవరు? అమెరికా అంతా అదే ప్రశ్న. అసలు ఆ ముడి విప్పడమే లించ్‌కు ఇష్టం లేదు. చానెల్ ఒత్తిడి చేసింది. 1990 నవంబరులో హంతకుడెవరో చెప్పేశారు. ఆ తర్వాత ప్రేక్షకులు జారిపోయారు, 1991 జూన్‌లో సీరియల్ ఆగిపోయింది. బంగారు గుడ్లు పెట్టే బాతును చంపేశారని లించ్ తర్వాత వాపోయారు. అయినా దాని ప్రభావం పోలేదు. ‘ఎక్స్ ఫైల్స్’, ‘లాస్ట్’ లాంటి సీరియళ్ళకు దారి వేసింది అదే. 2017లో మరో 18 భాగాలు తీశారు. లించ్ 2025 జనవరిలో కన్నుమూశారు.

అడవి, జలపాతం, హత్య, వెంటాడే సంగీతం... మనకు కొత్తేమీ కాదులెండి. వంశీ ‘అన్వేషణ’ 1985లోనే వచ్చింది. తలకోన అడవినీ, ఇళయరాజా నేపథ్య సంగీతాన్నీ కలిపి థియేటర్లో జనాన్ని కుర్చీ అంచున కూర్చోబెట్టింది. కాకపోతే సినిమా రెండున్నర గంటల్లో తేలిపోతుంది. సీరియల్ అలా కాదు. వారం రోజులు ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది, అన్నం తినేటప్పుడూ బుర్రలో తిరుగుతుంది.

ఇప్పుడా వారం ఎక్కడిది? 2023 డిసెంబరులో నాగచైతన్య ‘దూత’ ఓటీటీలో వచ్చింది. ముందుగానే వచ్చేసే పేపరు కటింగులు, వాటిలో రాసినట్టే జరిగే ఘోరాలు. పేపరు ఆఫీసులో పనిచేసేవాణ్ణి, నాకు భయం వేయదూ? కానీ ఎనిమిది భాగాలూ ఒకేసారి పెట్టేశారు. ఒక్క రాత్రిలో చూసేశాను. మర్నాడు ఆఫీసులో మాట్లాడదామంటే ఒకరు రెండో భాగంలో ఉన్నారు, ఇంకొకరు ‘‘చెప్పొద్దు, చెప్పొద్దు’’ అని చెవులు మూసుకున్నారు. వారం తిరిగేసరికి నేనే సగం మరిచిపోయాను.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఫోన్లో ‘అన్వేషిత’ మొదటి భాగం పెట్టి మామ్మ చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చూసింది. అచ్యుత్ కనిపించగానే ఫోను దగ్గరకు తెచ్చుకుంది.

‘‘ఈ బాబు పోనాడు కాదేటి?’’

2002లోనే పోయారని చెప్పాను. మామ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ భాగం అయిపోయింది. రెండోది పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

‘‘ఈయేలకి సాలు నాయినా. మిగిలింది వొచ్చీ వారం సూద్దుం.’’

వచ్చే ఆదివారానికి రిజర్వేషన్ చేయించుకున్నాను.