రక్తం కథలు ఆపండి, బిల్బావో క్లబ్బు ఎవరి చేతిలో ఉందో చూడండి

అథ్లెటిక్ బిల్బావో మీద రీల్స్ మీరూ చూసే ఉంటారు. ఎరుపు తెలుపు చారల చొక్కాలు, ఊగిపోయే స్టేడియం, పైన ఒక లైను: నూరేళ్ల నుంచి తమ బాస్క్ వాళ్లను తప్ప ఇంకెవరినీ ఆడనివ్వని క్లబ్బు అని. మన కుర్రాళ్లు షేర్ చేస్తారు, కింద పిడికిలి గుర్తులు పెడతారు. ఇంకో బ్యాచ్ కూడా ఉంది. వాళ్ల దృష్టిలో అదే క్లబ్బు జాత్యహంకారానికి నమూనా. మెరిట్‌ను తొక్కిపెట్టారు కాబట్టే 40 ఏళ్లు పెద్ద కప్పు మొహం చూడలేదని ఎగతాళి. (ఈ మెరిట్ పాట మనకు కొత్తేం కాదు, దాని దగ్గరికి మళ్లీ వద్దాం.)

పొగిడేవాళ్లకీ తిట్టేవాళ్లకీ ఒక్క విషయంలో తేడా లేదు. ఆ క్లబ్బు బలమంతా రక్తంలో ఉందనే ఇద్దరూ నమ్ముతున్నారు. నా తగువు ఆ నమ్మకంతోనే. అథ్లెటిక్‌ను ఇన్నేళ్లు నిలబెట్టినవి దాని మీద సభ్యులకున్న హక్కు, పిల్లల్ని తయారుచేసుకునే సొంత మైదానం. పుట్టుకను కొలబద్దగా పెట్టుకున్న రోజుల్లో ఆ క్లబ్బు నష్టపోయింది కూడా.

ముందు పుట్టుక సంగతే చూడండి. బాస్క్ నేల స్పెయిన్‌కు ఉత్తరాన, ఫ్రాన్స్‌కు నైరుతి మూలన, కొండలకూ సముద్రానికీ మధ్య ఉంటుంది. వాళ్ల భాషకు ప్రపంచంలో ఇంకే భాషతోనూ చుట్టరికం తేలలేదు. బిల్బావో చుట్టుపక్కల కొండల నిండా ఇనుప ఖనిజం. దాన్ని మోసుకుపోవడానికి ఇంగ్లండ్ ఓడలు వచ్చేవి, ఓడలతోపాటే ఫుట్‌బాల్ దిగింది. అక్కడ పనిచేసే ఇంగ్లీషువాళ్లు, ఇంగ్లండ్‌లో చదివొచ్చిన కలిగిన కుటుంబాల కుర్రాళ్లు ఆట మొదలుపెట్టారు. క్లబ్బు తన వయసును 1898 నుంచి లెక్కేసుకుంటుంది. పేరులో ‘అథ్లెటిక్’ అనే ఇంగ్లీషు మాట అలా వచ్చిందే. అంటే అనాదిగా స్వచ్ఛం అనే కబురు మొదటి రోజునే తేలిపోయింది. 1911 కప్పులో ఇంగ్లీషు ఆటగాళ్లను దించారని పెద్ద గొడవైంది. ఆ తర్వాతే స్థానికులతో మాత్రమే ఆడటం అలవాటుగా స్థిరపడింది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. బాస్క్ జాతీయవాదానికి ఆద్యుడు సబీనో అరానా. గనుల్లో పనికోసం స్పెయిన్ మిగతా ప్రాంతాల నుంచి వచ్చిన కూలీల మీద ఆయన రాతల్లో పచ్చి ద్వేషం ఉంది. ఆ కూలీలను ‘మకేతో’లని ఈసడించేవాళ్లు. ఆ గాలి క్లబ్బుకు అస్సలు సోకలేదంటే నేను నమ్మను. పైగా బిల్బావో పేద ఊరు కాదు. ఉక్కు, ఓడలు, బ్యాంకులు ఉన్న ఊరు. కాబట్టి ‘అణగారిన వాళ్ల క్లబ్బు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

మరి అణచివేత లేదా? ఉంది. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద ఫ్రాంకో పక్షాన జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయి. జూన్‌లో బిల్బావో పడిపోయింది. అప్పటి బాస్క్ ప్రభుత్వానికి అధ్యక్షుడు హోసే అంతోనియో అగిర్రె, ఒకప్పుడు అథ్లెటిక్‌కే ఆడినవాడు. యుద్ధం నడుస్తుండగానే బాస్క్ ఆటగాళ్లు ‘ఎఉస్కాది’ పేరుతో జట్టుగా బయల్దేరి యూరప్ తిరిగారు. సముద్రం దాటి మెక్సికో వెళ్లి, 1938–39లో అక్కడి లీగ్‌లో ఆడి రెండో స్థానంలో నిలిచారు. ఇంటి దగ్గర ఫ్రాంకో గెలిచాడు. బడుల్లోంచి బాస్క్ భాషను వెళ్లగొట్టారు. 1941లో క్లబ్బు పేరును కూడా స్పానిష్‌లోకి మార్చి ‘అత్లేతికో’ చేశారు. పాత పేరు తిరిగి రావడానికి 1970లు రావాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే 1958 కప్పు ఫైనల్. కప్పు పేరు కూడా ఫ్రాంకో బిరుదే. ఆట మాద్రిద్‌లో, రియల్ మాద్రిద్ సొంత మైదానంలో. ఎదుట దీ స్టెఫానో ఉన్న యూరప్ చాంపియన్లు. అథ్లెటిక్ 2–0తో గెలిచింది. ఆ జట్టుకు ‘పదకొండు మంది పల్లెటూరోళ్లు’ అన్న పేరు ఇప్పటికీ ఉంది, తిట్టుగా కాదు, గర్వంగా చెప్పుకునే పేరుగా.

1976 డిసెంబర్ 5 కథ ఇంకా గట్టిది. ఫ్రాంకో చచ్చిపోయి ఏడాది దాటింది, కానీ బాస్క్ జెండా ఇకురిన్యా మీద నిషేధం అలాగే ఉంది. సాన్ సెబాస్టియన్‌లో రియల్ సొసియెదాద్‌కూ అథ్లెటిక్‌కూ మ్యాచ్. సొసియెదాద్ ఆటగాడు ఉరాంగా సోదరి కుట్టిన జెండాను పోలీసుల కళ్లుగప్పి లోపలికి తెచ్చారు. రెండు జట్ల కెప్టెన్లు కోర్తబార్రియా, ఇరిబార్ దాన్ని చెరో పక్క పట్టుకుని మైదానంలోకి నడిచారు. వెనక మిగతా ఆటగాళ్లందరూ. ఆట అథ్లెటిక్ 5–0తో ఓడిపోయింది. ఆరు వారాలు తిరిగేసరికి, 1977 జనవరిలో, జెండా చట్టబద్ధమైంది.

ఇదంతా చదివి మీ రోమాలు నిక్కబొడుచుకుంటే మంచిదే. ఇప్పుడు మిగెల్ జోన్స్ గురించి వినండి. ఆ పేరు ఏ రీల్‌లోనూ రాదు.

జోన్స్ పుట్టింది ఆఫ్రికాలో, అప్పటి స్పానిష్ గినీలో. పెరిగింది బిల్బావోలో, బంతి తన్నడం నేర్చుకుంది అక్కడి కుర్రాళ్లతోనే. 1950ల్లో అథ్లెటిక్ చొక్కాతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ దాకా వచ్చాడు. తీసుకోలేదు. కారణం, బాస్క్ నేల మీద పుట్టలేదు. అతను అత్లేతికో మాద్రిద్‌కు వెళ్లిపోయాడు. 1962లో ఆ క్లబ్బు యూరప్ కప్ విన్నర్స్ కప్పు గెలిచినప్పుడు ఫైనల్ రీప్లేలో మొదటి గోల్ జోన్స్‌దే. పుట్టుకను కొలిచి బిల్బావో తన ఊరి పిల్లాణ్ణి పోగొట్టుకుంది, రాజధాని క్లబ్బు ఎగరేసుకుపోయింది. దీన్ని ఆత్మగౌరవం అందామా?

తర్వాత నియమాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేసుకున్నారు. ఇవాళ ఆ నియమం ఇది: బాస్క్ ప్రాంతంలో పుట్టి ఉండాలి, లేదా ఆటగాడిగా అక్కడ తయారై ఉండాలి. స్పెయిన్ వైపు నవార్రాతో సహా, ఫ్రాన్స్ వైపు బాస్క్ జిల్లాలతో సహా. అమ్మానాన్నల ఊరు ఎవరూ అడగరు. అయినా నల్లజాతి ఆటగాడు ఈ క్లబ్బు తరఫున లీగ్‌లో అడుగుపెట్టడానికి 2011 దాకా పట్టింది. అతను జోనాస్ రమాల్యో, తండ్రిది అంగోలా. ఆ తర్వాత ఇన్యాకి విలియమ్స్. అమ్మానాన్నలు ఘనా నుంచి సహారా ఎడారిలో నడిచి, మెలిల్యా కంచె దాటి వచ్చినవాళ్లు. ఇన్యాకి 1994లో బిల్బావోలో పుట్టాడు. లీగ్‌లో వరసగా 251 మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆడి రికార్డు పెట్టాడు. తమ్ముడు నికో పుట్టింది పాంప్లోనాలో. అన్న ఘనాకు ఆడతాడు, తమ్ముడు స్పెయిన్‌కు. ఇద్దరూ అథ్లెటిక్ వాళ్లే. రక్తం లెక్క పట్టుకుని కూర్చుంటే 2024లో కప్పు గెలిచిన జట్టులో ఈ ఇద్దరూ ఉండేవాళ్లు కారు.

ఇక మెరిట్ బ్యాచ్ సంగతి. స్పెయిన్ లీగ్ 1929లో మొదలైంది. అప్పటి నుంచి ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు జారని క్లబ్బులు మూడే: రియల్ మాద్రిద్, బార్సిలోనా, అథ్లెటిక్. మొదటి రెండూ ప్రపంచమంతా వెతికి కొనుక్కుంటాయి. మూడోది ఒక చిన్న నేల మీద దొరికిన పిల్లలతోనే 8 లీగ్‌లు గెలిచింది. 1984 తర్వాత కరువు నిజమే. 2007లో చివరి మ్యాచ్ దాకా కింద పడతామన్న భయం నిజమే. మధ్యలో 2015లో, 2021లో బార్సిలోనాను ఓడించి సూపర్ కప్పులు తెచ్చుకున్నారు. 2024 ఏప్రిల్‌లో సెవిల్లెలో మయోర్కాను పెనాల్టీల్లో గెలిచి కప్పు తెచ్చినప్పుడు, 1984లోలాగే జట్టును గబర్రా అనే పడవ ఎక్కించి నెర్వియోన్ నది మీద ఊరేగించారు. గట్లు రెండూ జనంతో నిండిపోయాయి. 40 ఏళ్ల కింద ఆ పడవను చూసినవాళ్లు మనవల్ని తీసుకుని వచ్చారు.

ఇది ఎలా సాధ్యమైంది? చొక్కా మీద ప్రేమతో మాత్రమే అయితే ఎప్పుడో మునిగిపోయేవాళ్లు. 1971 నుంచి ఊరి బయట లెసామాలో సొంత శిక్షణ మైదానం నడుస్తోంది. అంతకన్నా పెద్ద సంగతి 1990లో వచ్చిన క్రీడా చట్టం. వృత్తిగా ఆడే క్లబ్బులన్నీ వాటాల కంపెనీలుగా మారాలంది ఆ చట్టం. లెక్కలు సరిగ్గా ఉన్న నాలుగింటికి మాత్రం మినహాయింపు దొరికింది. అందులో ఒకటి అథ్లెటిక్. ఇప్పటికీ దానికి యజమాని లేడు. 40 వేలకు పైగా సభ్యులు ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. స్థానికులతోనే ఆడాలన్న నియమం క్లబ్బు నిబంధనావళిలో ఎక్కడా రాసి లేదు, తెలుసా? ఏ అధ్యక్షుడైనా రేపు పొద్దున తీసేయొచ్చు. కానీ తీసేస్తానని చెప్పి ఎన్నికల్లో ఎవరు నిలబడతారు?

పక్క ఊరు చూడండి. వితోరియాలోని అలావెస్ కూడా బాస్క్ క్లబ్బే. 2001లో యూయేఫా కప్పు ఫైనల్లో లివర్‌పూల్‌తో 5–4 దాకా కొట్లాడింది. 2004లో బయటి పెట్టుబడిదారు చేతికి వెళ్లింది. మూడేళ్లలో అతను వెళ్లిపోయాడు, అప్పులు మిగిలాయి. 2009కల్లా మూడో అంచెకు జారింది. ఊరు అదే, జనం అదే, తాళాలే ఇంకొకడి జేబులోకి పోయాయి.

అలాగని అథ్లెటిక్‌కు హారతి పట్టమని చెప్పడం లేదు. 1898 క్లబ్బుకు ఆడవాళ్ల జట్టు పెట్టడానికి 2002 దాకా తీరిక దొరకలేదు. పెట్టిన మొదటి ఏడాదే వాళ్లు లీగ్ గెలిచారు. 2019 జనవరిలో వాళ్ల ఆట చూడటానికి సాన్ మమేస్ స్టేడియానికి 48,121 మంది వచ్చారు. అంతకాలం అడ్డం ఏమిటో మరి! సభ్యులదే క్లబ్బు, కానీ 2008లో చొక్కా మీద పెట్రోనోర్ అనే చమురు శుద్ధి కంపెనీ పేరు ఎక్కింది.

అన్నిటికన్నా చేదు విషయం పొరుగు క్లబ్బుల పిల్లలది. దొరికే ఆటగాళ్లు తక్కువ, చేతిలో డబ్బు ఎక్కువ. 2018 జనవరి చివర్లో లపోర్త్‌ను మాంచెస్టర్ సిటీకి సుమారు 6.5 కోట్ల యూరోలకు వదులుకున్నారు. ఆ వారం తిరక్కుండానే సుమారు 3.2 కోట్లు కట్టి సొసియెదాద్ నుంచి ఇన్యిగో మార్తీనెస్‌ను లాక్కొచ్చారు. అంతకు చాలా ముందు, 1995లో, సొసియెదాద్ పెంచిన 17 ఏళ్ల ఎచెబెర్రియాను ఒప్పందంలో ఉన్న విడుదల మొత్తం కట్టి ఎత్తుకెళ్లారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ పెద్ద ఊళ్లు మమ్మల్ని దోచుకుంటున్నాయని మాద్రిద్ మీద మండిపడే క్లబ్బు చేసిన పని అది. ఆ దెబ్బతో రెండు క్లబ్బుల మధ్య సంబంధాలు తెగిపోయాయి. 1976లో ఒకే జెండాను చెరో పక్క పట్టుకుని నడిచినవి ఆ రెండు క్లబ్బులే.